న్కోసీస్ హేవెన్ ఎలా పుట్టింది? తరచుగా అడిగే ప్రశ్నలు

ఆఫ్రికాలో ఎయిడ్స్ వల్ల అనాథలైన పిల్లల గురించి మాట వచ్చినప్పుడల్లా నేను చెప్పేది జోహన్నెస్‌బర్గ్‌లోని ఒక ఇంటి కథ. ఆ ఇంటి పేరు న్కోసీస్ హేవెన్. విన్నవాళ్లు ఇంచుమించు ఇవే ప్రశ్నలు అడుగుతుంటారు. కొన్నిటికి రెండు ముక్కల్లో జవాబు సరిపోతుంది, కొన్నిటికి కాస్త వెనక్కి వెళ్లి మొదలుపెట్టాలి.

న్కోసి అంటే ఎవరు?

1989 ఫిబ్రవరి 4న దక్షిణాఫ్రికాలో పుట్టిన ఒక పిల్లాడు. అసలు పేరు షొలానీ న్కోసి. తల్లి పేరు డాఫ్నీ. ఆమెకు హెచ్‌ఐవి ఉంది, కడుపులో ఉండగానో పుట్టేటప్పుడో బిడ్డకూ వచ్చింది. అప్పట్లో పుట్టుకతో పాజిటివ్ అయిన పిల్లలు చాలామంది బడికి వెళ్లే వయసు దాకా కూడా బతికేవాళ్లు కాదు. న్కోసి మాత్రం పన్నెండేళ్లు బతికాడు. ఆ పన్నెండేళ్లలోనే ఒక బడి తలుపు తెరిపించాడు, తనలాంటి పిల్లలకూ వాళ్ల తల్లులకూ ఒక ఇల్లు ఏర్పడటానికి కారణమయ్యాడు, ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన డాక్టర్లు, శాస్త్రవేత్తల ముందు మైక్ పట్టుకుని మాట్లాడాడు.

ఈ పేరు ఎలా పలకాలి?

'అంకె' అన్నప్పుడు సున్నా ఎలా పలుకుతామో ఆ ముక్కు శబ్దంతో మొదలుపెట్టి వెంటనే 'కోసి' అనాలి. జులూ భాషలో రాజు, ప్రభువు అని అర్థం. దక్షిణాఫ్రికా జాతీయ గీతం మొదలయ్యేది కూడా ఈ మాటతోనే. హేవెన్ అంటే ఆశ్రయం, తలదాచుకునే చోటు. స్వర్గం అనే అర్థమున్న 'హెవెన్' వేరు. తెలుగులో రాసేటప్పుడు ఒక్క దీర్ఘం జారితే అర్థం మారిపోతుంది, అందుకే ఇంతగా చెబుతున్నాను.

కన్నతల్లి బతికి ఉండగా వేరేవాళ్లకు ఎందుకు ఇచ్చేసింది?

అందరూ అడిగేది ఇదే. అడిగేటప్పుడు గొంతులో ఆ తల్లి మీద కాస్త నింద కూడా వినిపిస్తుంది. ఆమె స్థితి ముందు తెలుసుకోవాలి.

డాఫ్నీకి ఒంట్లో బాగోలేదు. ఎయిడ్స్ రోగులను చూసుకునే ఒక చిన్న కేంద్రంలో తల్లీబిడ్డా చేరారు. ఆ కేంద్రం నడిపేవాళ్లలో గెయిల్ జాన్సన్ ఒకరు. ఆవిడ వృత్తి పబ్లిక్ రిలేషన్స్. అంతకుముందు నుంచే వారాంతాల్లో పిల్లాణ్ని తన ఇంటికి తీసుకెళ్లి ఆడించి మళ్లీ తెచ్చి దించేవారు. 1991 చివర్లో డబ్బు చాలక ఆ కేంద్రం మూతపడింది. రోగులంతా ఎక్కడికి పోవాలి? వీణ్ని నేను తీసుకెళ్తానని గెయిల్ అన్నారు. డాఫ్నీ ఒప్పుకుంది.

ఒప్పుకోక ఏం చేస్తుంది? జబ్బు సంగతి బయటపడితే ఇరుగుపొరుగు ఉండనిస్తారన్న నమ్మకం లేదు. ఆ భయం ఉత్తిది కాదు. ఇది జరిగిన ఏడేళ్లకు, 1998 డిసెంబరులో, డర్బన్ దగ్గర క్వామషులో గుగు డ్లామిని అనే ఆవిడ తనకు హెచ్‌ఐవి ఉందని నలుగురిలో చెప్పినందుకు ఆమెను కొట్టి చంపేశారు. మన పల్లెల్లోనూ ఈ జబ్బు పేరు వినగానే అన్నం గిన్నె వేరు చేసిన ఇళ్లున్నాయి. అలాంటి చోట, ఒంట్లో సత్తువ లేని ఒక తల్లి తన బిడ్డ నాలుగు రోజులు బతకాలని ఎవరి చేతుల్లోనైనా పెడితే దాన్ని వదిలేయడం అనకూడదు. తను బిడ్డకు ఇవ్వగలిగింది ఇచ్చింది.

1997లో డాఫ్నీ నిద్రలోనే కన్నుమూసింది. ఫోన్ మోగితే ఎత్తింది న్కోసి. అవతల పిన్ని గొంతు. గెయిల్‌తో మాట్లాడాలంది. ఆ తర్వాత విషయం తెలిసి ఏడ్చానని, అంత్యక్రియలకు వెళ్లానని, అమ్మ కళ్లు మూసుకుని ఉండటం చూశానని, నాన్నను కూడా మొదటిసారి చూసింది అక్కడేనని తర్వాత తనే వేలమంది ముందు చెప్పాడు.

తెల్లావిడ నల్లపిల్లాణ్ని పెంచుకోవడం అప్పట్లో కుదిరేదా?

ఫలానా రంగువాళ్లు ఫలానా చోటే ఉండాలని శాసించిన గ్రూప్ ఏరియాస్ చట్టం రద్దయింది 1991లోనే. న్కోసి ఆ ఇంటికి వచ్చిందీ ఆ ఏడాదే. చట్టం పోయినంత వేగంగా మనుషుల చూపులు మారవు కదా. అయినా ఆ ఇంట్లో అతను గెయిల్‌ను అమ్మ అనే పిలిచాడు, కన్నతల్లినీ అమ్మ అనే పిలిచాడు. ఇద్దరి పేర్లూ పక్కన చేర్చి 'మమ్మీ డాఫ్నీ', 'మమ్మీ గెయిల్' అనేవాడు.

ఆఫ్రికా పిల్లల్ని తెల్లవాళ్లు ఉద్ధరించినట్టు చెప్పే కథలంటే నాకూ ఇబ్బందే. కానీ ఈ కథలో దారి చూపింది ఆ పిల్లాడి అనుభవం. అమ్మకు దూరంగా పెరగడం ఎలా ఉంటుందో అతనికి తెలుసు. సంస్థ రూపం అందులోంచి వచ్చింది.

బడి గొడవ ఏమిటి?

1997లో గెయిల్ అతన్ని మెల్విల్ ప్రాంతంలోని ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో చేర్చడానికి వెళ్లారు. పిల్లాడికి ఏవైనా జబ్బులున్నాయా అని ఫారంలో ఒక గడి. దాచవచ్చు. ఆవిడ ఎయిడ్స్ అని రాశారు. బడివాళ్లు ఫోన్ చేస్తామన్నారు. తల్లిదండ్రులు, టీచర్లు మీటింగ్ పెట్టుకుంటే సగం మంది సరే అన్నారు, సగం మంది వద్దన్నారు. ఈలోగా విషయం పత్రికలకు ఎక్కింది. దేశమంతా దాని గురించే మాట్లాడింది.

న్యాయం పిల్లాడి వైపే ఉంది. 1996 నాటి దక్షిణాఫ్రికా పాఠశాలల చట్టం ప్రకారం ప్రభుత్వ బడి ఏ పిల్లాడిపైనా అన్యాయంగా వివక్ష చూపకూడదు. కానీ హెచ్‌ఐవి ఉన్న పిల్లాడు వస్తే ఏం చేయాలో బడులకు ఎవరూ చెప్పలేదు. న్కోసి గొడవ తర్వాత టీచర్లకు, తల్లిదండ్రులకు అవగాహన తరగతులు పెట్టారు, అతన్ని చేర్చుకున్నారు. 1999లో దేశం మొత్తానికీ విద్యాశాఖ ఒక విధానం ప్రకటించింది: హెచ్‌ఐవి ఉందని ఏ విద్యార్థికీ ప్రవేశం నిరాకరించకూడదు, పరీక్ష చేయించుకు రమ్మని అడగకూడదు.

ముట్టుకుంటే, కలిసి తింటే వస్తుందా?

రాదు. కౌగిలించుకున్నా, ఒకే బెంచీ మీద కూర్చున్నా, ఒకే కంచంలో తిన్నా రాదు.

మరి సంస్థ ఎప్పుడు మొదలైంది?

1999లో, జోహన్నెస్‌బర్గ్‌లో, ఒక మామూలు ఇంట్లో. గెయిల్‌కీ న్కోసికీ ఆ ఆలోచన ఎప్పటి నుంచో ఉంది. బడి గొడవతో అతని పేరు ఊరూరా తెలియడం, సాయం చేస్తామనేవాళ్లు ముందుకు రావడం కలిసొచ్చాయి. ఏడాది తిరిగేసరికి ఆ ఇంట్లో పదిమంది తల్లులు, పదిహేనుమంది పిల్లలు ఉన్నారు. ఈ లెక్క చెప్పింది న్కోసే. ఇలాంటి ఇళ్లు ఐదు కావాలని కూడా అడిగాడు.

అనాథాశ్రమంలో తల్లులెందుకు ఉన్నారు?

నాకు ఈ సంస్థ మీద ఇంత అభిమానం కలగడానికి కారణం ఈ ప్రశ్నకు ఉన్న జవాబే.

మామూలుగా అనాథాశ్రమం పని ఎక్కడ మొదలవుతుంది? తల్లి పోయాక. బిడ్డ ఒంటరిగా మిగిలాక ఎవరో తీసుకొచ్చి గేటు దగ్గర దింపుతారు. అప్పటికే ఆ బిడ్డ అమ్మ మంచం పట్టడం చూసి ఉంటుంది. ఉన్న ఇల్లు పోయి ఉంటుంది. తమ్ముడిది ఒక దారి, చెల్లెలిది ఒక దారి అయి ఉంటుంది. ఇక్కడ ఎవరినీ తెలియదు.

న్కోసీస్ హేవెన్ అంతకు ముందే తలుపు తీసింది. జబ్బుపడిన తల్లి, ఆమె పిల్లలు, వాళ్లలో ఎవరికి హెచ్‌ఐవి ఉన్నా లేకున్నా, అందరూ కలిసే రావచ్చు. తల్లికి మందు, తిండి, పడుకోవడానికి చోటు, దాచాల్సిన అవసరం లేని వాతావరణం. పిల్లలకు బడి. అందరికీ ఒకరి సంగతి ఒకరికి తెలుసు కాబట్టి గుసగుసలు ఉండవు. తల్లి కోలుకుంటే పిల్లల్ని తనే చూసుకుంటుంది. కోలుకోకపోతే చివరి రోజుల్లో పిల్లలు పక్కనే ఉంటారు. ఆమె పోయాక కూడా పిల్లలు ఆ ఇల్లు వదిలి వెళ్లనక్కర్లేదు. అదే మంచం, అదే బడి, తెలిసిన ముఖాలు. నిన్నటిదాకా పక్క గదిలో ఉన్న ఆంటీయే ఇవాళ అన్నం పెడుతుంది.

అంటే అనాథల కోసం పుట్టిన ఈ సంస్థ మొదట పట్టుబట్టింది తల్లీబిడ్డలు విడిపోకూడదని. అమ్మ ఉండగానే అమ్మకు దూరమైన పిల్లాడు కోరిన కోరిక అది. తల్లులు పిల్లలతో కలిసి ఉంటే ఆ ప్రేమతో ఇంకొంతకాలం బతుకుతారని అతను నమ్మాడు.

తర్వాత నగరం దక్షిణాన అలన్ మేనర్‌లో ఇది చిన్న ఊరులా పెరిగింది. అక్కడ కుటుంబాలు కాటేజీల్లో ఉంటాయి.

డర్బన్‌లో ఏం జరిగింది?

2000 జులై 9. పదమూడో అంతర్జాతీయ ఎయిడ్స్ సదస్సు. ఈ సదస్సు ఆఫ్రికా ఖండంలో జరగడం అదే మొదలు. ప్రారంభోత్సవం కింగ్స్‌మీడ్ క్రికెట్ స్టేడియంలో. 1860 నుంచి చెరకు తోటల కూలీలుగా ఓడల్లో వచ్చిన మన తెలుగువాళ్లు ఎందరో దిగిన రేవు కూడా డర్బనే. వాళ్ల వారసులు ఇప్పటికీ అక్కడున్నారు.

వేదిక మీదికి పదకొండేళ్ల న్కోసి వచ్చాడు. బక్కపలచని ఒళ్లు, మెరిసే సూటు, కాళ్లకు బూట్లు. వయసుకు తగ్గ ఎత్తు లేడు. తన కథ తనే చెప్పాడు. తమ ఇంటికి వచ్చిన ఒక పసికందు ఊపిరాడక, పాలు పట్టక చనిపోయిందని చెప్పాడు. తల్లి నుంచి బిడ్డకు హెచ్‌ఐవి సోకకుండా అడ్డుకోవడానికి గర్భిణులకు ఏజడ్‌టి మందు ఇవ్వండి, పిల్లలు చనిపోవడం నాకు ఇష్టం లేదు అని ప్రభుత్వాన్ని అడిగాడు. మమ్మల్ని చూసుకోండి, మీలో ఒకరిగా చూడండి, మేమూ మనుషులమే, మాకూ చేతులున్నాయి, కాళ్లున్నాయి, నడవగలం, మాట్లాడగలం, అందరిలాగే మాకూ అవసరాలున్నాయి, మాకు భయపడకండి అన్నాడు.

అదే సాయంత్రం అదే వేదికపై దక్షిణాఫ్రికా అధ్యక్షుడు థాబో ఎంబెకి కూడా మాట్లాడారు. ఎయిడ్స్‌కు హెచ్‌ఐవి కారణమా కాదా అని ఆయన అప్పటికి కొంతకాలంగా సందేహాలు లేవనెత్తుతున్నారు. ఆ రాత్రి పేదరికమే అతిపెద్ద హంతకి అన్నారు. పేదరికం చంపుతుందన్నది నిజమే, కానీ మందు ఇవ్వకపోవడానికి అది కారణం కాజాలదు. హెచ్‌ఐవి వల్లే ఎయిడ్స్ వస్తుందని ఐదువేల మందికి పైగా శాస్త్రవేత్తలు, డాక్టర్లు సంతకాలు చేసిన ప్రకటన ఆ సదస్సుకు కొద్ది రోజుల ముందే వచ్చింది.

పిల్లాడు అడిగిన మందు ఇచ్చారా?

అతను బతికుండగా దేశమంతటా ఇవ్వలేదు. వైద్యం అందకపోతే తల్లి నుంచి బిడ్డకు హెచ్‌ఐవి సోకే అవకాశం 15 నుంచి 45 శాతం. సరైన మందులు సమయానికి వాడితే 5 శాతం లోపు. ఏజడ్‌టిలాగే ఈ పనికి వాడే నెవిరపిన్ అనే మందును ఐదేళ్లు ఉచితంగా ఇస్తామని తయారీ కంపెనీయే 2000లో ముందుకొచ్చింది. అయినా ప్రభుత్వం కొన్ని ప్రయోగ కేంద్రాలకే పరిమితం చేసింది. ట్రీట్‌మెంట్ యాక్షన్ క్యాంపెయిన్ అనే ఉద్యమ సంస్థ కోర్టుకు వెళ్లింది. 2002 జులై 5న రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు చెప్పింది: వైద్యపరంగా అవసరమున్న చోట ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఈ మందు ఇవ్వాల్సిందే. ఆ దేశంలో ఏటా దాదాపు 70,000 మంది పిల్లలకు తల్లుల నుంచి హెచ్‌ఐవి సోకుతోందని ఆ కేసులో లెక్క. పెద్దవాళ్లకు ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఏఆర్‌టి మందులు, అంటే హెచ్‌ఐవిని అదుపులో ఉంచడానికి రోజూ వాడే మందులు, మొదలైంది 2004లో. ఈ ఆలస్యానికి మూడు లక్షల ముప్పై వేలకు పైగా ప్రాణాలు పోయాయని హార్వర్డ్ పరిశోధకులు 2008లో అంచనా వేశారు. వాళ్లలో ఎంతమంది చిన్న పిల్లల తల్లులో ఆలోచిస్తే నిద్ర పట్టదు.

న్కోసి ఎలా చనిపోయాడు?

2000 డిసెంబరు చివర్లో కుప్పకూలాడు. మెదడు దెబ్బతింది, ఫిట్స్ వచ్చేవి. ఐదు నెలలు మంచంలోనే ఉన్నాడు. 2001 జూన్ 1న పోయాడు. చాలా దేశాల్లో ఆ రోజు బాలల దినోత్సవం. జోహన్నెస్‌బర్గ్‌లోని వెస్ట్‌పార్క్ శ్మశానంలో సమాధి ఉంది.

2005లో నెదర్లాండ్స్‌కు చెందిన కిడ్స్‌రైట్స్ సంస్థ అంతర్జాతీయ బాలల శాంతి బహుమతి ప్రారంభించి, మొదటిది అతనికే మరణానంతరం ఇచ్చింది. గెలిచినవాళ్లకు ఇచ్చే బొమ్మ పేరే 'న్కోసి'. మరుసటి ఏడాది ఆ బహుమతి రాజస్థాన్‌లో బాలకార్మికుడిగా బతుకు మొదలుపెట్టిన ఓం ప్రకాశ్ గుర్జర్‌కు వచ్చింది. 2013లో మలాలాకు వచ్చిందీ ఇదే.

అనాథ అంటే అమ్మానాన్నలిద్దరూ లేనివాళ్లే కదా, మరి లెక్కలు అంత పెద్దవిగా ఎందుకుంటాయి?

యునిసెఫ్ లెక్కల్లో ఇద్దరిలో ఒక్కరు పోయినా అనాథే. 2003 నాటికి సహారా ఎడారికి దక్షిణాన ఉన్న ఆఫ్రికాలో ఎయిడ్స్ వల్ల అలా మిగిలిన పిల్లలు సుమారు ఒక కోటి ఇరవై లక్షలు. వీళ్లంతా ఆశ్రమాల్లో లేరు. అనాథల్లో పదింట తొమ్మిది మందిని బంధువులే పెంచుతున్నారని అప్పట్లో యునిసెఫ్ చెప్పింది. ఆ బంధువుల్లో చాలామంది అమ్మమ్మలు, నాయనమ్మలు. కొడుకుల్నీ కూతుళ్లనీ మట్టిలో పెట్టి వచ్చి, ఆ వయసులో మళ్లీ పసిపిల్లలకు నీళ్లు పోసిన ముసలమ్మలు. వాళ్ల పేరు మీద సంస్థలు లేవు, అవార్డులు లేవు. ఈ కథ చెప్పేటప్పుడు వాళ్లను మరిచిపోతే తప్పు.

అక్కడికి వెళ్లి కొన్నాళ్లు సేవ చేయవచ్చా?

ఉత్సాహం మంచిదే, కానీ పిల్లల వైపు నుంచి చూడండి. రెండు వారాలు వచ్చి ఎత్తుకుని ముద్దుచేసి వెళ్లిపోయే మనుషుల్ని ఏడాదికి ఎంతమందినని తట్టుకుంటారు? ఇప్పటికే ఒకసారి అమ్మ వెళ్లిపోయింది. సందర్శకుల డబ్బు కోసం తల్లిదండ్రులున్న పిల్లల్నే అనాథలుగా చూపించే చోట్లు కొన్ని దేశాల్లో పుట్టుకొచ్చాయి. అందుకే 2019లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ పిల్లల సంరక్షణపై చేసిన తీర్మానంలో ఈ అనాథాశ్రమ పర్యటనల విషయాన్నీ ప్రస్తావించింది. మీరు నర్సో, ఫిజియోథెరపిస్టో అయి నెలల తరబడి ఉండగలిగితే సంగతి వేరు. డబ్బు పంపాలనుకుంటే ఏ సంస్థకైనా ముందు ఒక్క ప్రశ్న వేయండి: బంధువుల దగ్గర ఉండగలిగే పిల్లల్ని అక్కడే ఉంచడానికి మీరేం చేస్తున్నారు? విదేశీ సంస్థకు నేరుగా ఇచ్చే విరాళానికి మన దేశంలో పన్ను మినహాయింపు రాదు, అది కూడా గుర్తుపెట్టుకోండి.

తెలుగువాళ్లకు దీంతో ఏమైనా సంబంధం ఉందా?

ఉంది, అదీ చిన్నది కాదు. 2001 ఫిబ్రవరిలో ముంబై కంపెనీ సిప్లా మూడు మందుల చికిత్సను మనిషికి ఏడాదికి 350 డాలర్లకే ఇస్తామంది. అప్పటిదాకా ధర పదివేల డాలర్ల పైమాటే. ఆ ఏప్రిల్‌లో, చౌక మందులకు వీలు కల్పించే చట్టం మీద దక్షిణాఫ్రికా ప్రభుత్వంపై వేసిన కేసును 39 మందుల కంపెనీలు వెనక్కి తీసుకున్నాయి. అప్పటికి న్కోసి మంచంలో ఉన్నాడు. ఆరు వారాల్లో పోయాడు. తర్వాతి సంవత్సరాల్లో ఆఫ్రికాకు చేరిన చౌక ఏఆర్‌టి మందుల్లో హైదరాబాద్ కంపెనీలైన హెటెరో, అరబిందోలవీ పెద్ద సంఖ్యలో ఉన్నాయి. అదే కాలంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మన దేశంలో హెచ్‌ఐవి ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఒకటి.

ఇప్పుడు కూడా ఇలాంటి ఇంటి అవసరం ఉందా?

రూపం మారింది. ప్రపంచంలోనే అతిపెద్ద ఏఆర్‌టి కార్యక్రమం ఇప్పుడు దక్షిణాఫ్రికాదే, 50 లక్షలకు పైగా జనం మందులు వాడుతున్నారు. పాజిటివ్ తల్లులకు నెగటివ్ బిడ్డలు పుడుతున్నారు. న్కోసి తరంలో బడి దాకా రాలేకపోయిన పిల్లల్లాంటివాళ్లు ఇప్పుడు రోజూ మాత్ర వేసుకుంటూ కాలేజీలకు వెళ్తున్నారు. కానీ జబ్బు సంగతి తెలిసి ఇంట్లోంచి గెంటేస్తే పిల్లల్ని చంకన వేసుకుని ఎక్కడికి పోవాలో తెలియని ఆడవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లు పిల్లలతో సహా వచ్చి ఉండటానికే 1999లో ఆ తలుపు తెరిచారు.